మూడో చప్పుడు

"ముందు చెవుల్లో దూది తీసెయ్యండి," అన్నారు ఏలూరు చెవుల డాక్టరు స్నేహలతగారు.

తీశాను. ఫ్యాను రొద మీదపడింది.

"చప్పుళ్లన్నీ ఆపేసుకుంటే చెవులు ఇంకా సున్నితమైపోతాయండి. చిన్నవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ మెల్లగా అలవాటు చేసుకోవాలి," అంటూ నేను రాసిచ్చిన జాబితా చదివారు. "కుక్కరు విజిలు. చేపల చెరువు మీద పక్షుల్ని తోలే డబ్బా మోత. పొద్దున్న పదింటికి పక్కింట్లో ఆడవాళ్ల నవ్వులు."

"ఆ మూడోది మేకు దిగినట్టుంటుందండి. అందులో ఒకావిడ నవ్వయితే మరీనండి," అన్నాను.

డాక్టరు నా భార్య వీరదుర్గ వైపు తిరిగారు. "ఇంట్లో మీరెలా నెట్టుకొస్తున్నారమ్మా?"

"కుక్కరు మానేసి గంజి వారుస్తున్నానండి. పచ్చడి పక్కింటి మణెమ్మగారి మిక్సీలో, మీకు వినపడకుండా తలుపులేసి వేసుకొస్తున్నానండి."

రెండేళ్లుగా అది రోటి పచ్చడనుకుని లొట్టలేస్తున్నాను. రోలు చప్పుడు ఎందుకు రావడంలేదన్న అనుమానమైనా రాలేదు నాకు.

"రోజూ గంటసేపు పెరట్లో రుబ్బుతున్నావనుకున్నానే," అన్నాను.

"పచ్చడి ఐదు నిమిషాల్లో అయిపోద్దండి," అంది వీరదుర్గ తల దించుకుని. "తక్కినదంతా నవ్వుకోడానికండి. మనింట్లో కుదరదు కదండి. ఆ మరీ గట్టిగా నవ్వేది నేనేనండి."

డాక్టరు మూడోదాని కింద గీత గీసి, "దీంతో మొదలుపెడదామాండి?" అన్నారు.

తలూపాను. చీమ నడిచినా వినపడుతుందని ఊరంతా చెప్పుకు తిరిగిన చెవులివి. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి నవ్వును గుర్తుపట్టలేకపోయాయి.