గడియారాలాయన ఎవరిని ప్రేమిస్తాడు?

టెస్టరమ్మ ఫోన్‌ని బల్లమీద పడేసింది. "చస్తున్నాను వీడితో! నలభై ఒకటోసారి కూడా అదే మాట!"

ఆ ఆఫీసులో ఫోన్‌లో చదివే కథలు తయారుచేస్తారు. చదివేవాళ్లే అందులో ముఖ్యపాత్ర; ఆడా మగా అన్నది వాళ్లిష్టం. ప్రతి మలుపులోనూ తెరమీద మూడు మాటలు కనిపిస్తాయి. ఒకటి నొక్కితే కథ అటు నడుస్తుంది. సరిగ్గా నొక్కుకుంటూ పోతే, కథలోని అయిదుగురిలో మనకు నచ్చినవాళ్లు మనల్ని ప్రేమిస్తారు. విడుదలకి ముందు అన్ని దారులూ నడిచి తప్పులు పట్టడం టెస్టరమ్మ పని. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టిందే. రాసే మనిషిది పక్క కుర్చీ. ఆయన నోట్లోంచి మాట ఊడిపడటం గగనం, అందుకే వెటకారంగా 'కథలాయన' అంటారు.

నలుగురు ఇట్టే పడిపోయారు. అయిదోవాడే, గడియారాలు బాగుచేసే ఆయన, కొరకరాని కొయ్య అయ్యాడు.

పోనీ చెడ్డవాడా అంటే, అయ్యో, బంగారం! టెస్టరమ్మ ఆడే కథానాయిక అతని మేడమీద గదిలో అద్దెకుంటుంది. జ్వరమొస్తే మందులు తెస్తాడు. టీలో చక్కెర ఎంత వెయ్యాలో గుర్తుపెట్టుకుంటాడు. వానలో గొడుగంతా ఆమె వైపే పట్టి తను తడుస్తాడు. అంతే. ఒక్క అడుగు దగ్గరికి వేస్తే చాలు, "నువ్వు చాలా మంచిదానివి. అలసిపోయావు, వెళ్లి పడుకో" అంటాడు.

టెస్టరమ్మ చేయని ప్రయత్నం లేదు. కథానాయిక జుట్టు మార్చింది, బట్టలు మార్చింది. నవ్వించింది, అలిగింది, పోట్లాడింది, ఏడిపించింది కూడా. ఏ తలుపు తోసినా వెనక గోడే.

"నాలోనే ఏదో లోటుంది," అని గొణుక్కుంది.

"ఆటే కదక్కా! వాడికి నిజంగానే పడిపోయావా ఏంటి?" బొమ్మలు గీసే అమ్మాయి ఆటపట్టించింది.

టెస్టరమ్మకి నవ్వు రాలేదు. కథలాయన వైపు తిరిగింది. "ఏం నొక్కితే వీడు ప్రేమిస్తాడు? ఆ ఒక్కటీ చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన రాస్తున్నది ఆపాడు. మిగతా నలుగురినీ రెండు నెలల్లో రాసిపారేసిన మనిషి, ఈ ఒక్కడికీ రెండేళ్లు తీసుకున్నాడు.

"ఏం నొక్కినా లాభం లేదు. అందులో ఆ పిల్ల తప్పేం లేదు," అన్నాడు. "ఈసారి మగవాడిగా మొదలుపెట్టి చూడు."

చూసింది. మేడమీద గదికోసం ఒక అబ్బాయి వచ్చాడు. తలుపు తీసిన గడియారాలాయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. తడబడ్డాడు. జోకు వేశాడు. చిన్నప్పటి సంగతులన్నీ గలగలా చెప్పుకుపోయాడు. ఓరి నాయనో, వీడికి ఇన్ని మాటలొచ్చా! ఇతను మనసారా నవ్వితే ఎలా ఉంటాడో ఇన్నాళ్లకి చూసింది టెస్టరమ్మ. బాత్రూమ్‌లోకెళ్లి, కుళాయి తిప్పి, వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం, అందరూ ఇళ్లకు బయల్దేరాక, మేనేజర్ ఆ ఇద్దరి బల్ల దగ్గరికొచ్చాడు.

"మిగతావాళ్లంతా ఎవరొచ్చినా ప్రేమిస్తున్నారు. వీడికేం రోగమయ్యా? కొనుక్కుని ఆడే ఆడపిల్లలు కాదనిపించుకోవాలా? 'మగవాళ్లని మాత్రమే' అన్నచోట 'ఎవరినైనా' అని మార్చు. ఒక్క లైను. కుదరదంటావా, సోమవారం నుంచి రానక్కర్లేదు."

"సరే సార్," అన్నాడు కథలాయన. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురుచెప్పని మనిషిలా తల వంచుకున్నాడు.

మేనేజర్ వెళ్లిపోయాడు. కథలాయన ఆ లైను తెరిచాడు. రెండేళ్ల కష్టం ఒక్క నొక్కుతో పోతుంది. వేలు మీట మీదికి వెళ్లింది.

టెస్టరమ్మ ఆ చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

"మార్చకండి. ఉద్యోగం పోతే పోనివ్వండి. పెద్దవాళ్లు గదమాయిస్తే తలూపేసే మనిషి పక్కన ఇంకో ఆడదాన్ని పెళ్లిపీటలమీద కూర్చోబెట్టకండి," అంది, ఆరేళ్లుగా తనతో కాపురం చేస్తున్న మొగుడితో.