చేటెడు తవుడు

సాయంత్రం నాలుగు దాటితే సూర్యకళ గుండెల్లో రాయి పడేది. నూకాలు వచ్చే వేళ అది.

నూకాలు ఎదురింటి మనిషి. ఆ ఏడే ఆమె మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో ఒక్కతే. వన్ టౌన్‌లో చేపలమ్ముకుని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, తిన్నగా వచ్చి సూర్యకళ గుమ్మం ముందు నిలబడేది. ఏమీ అడిగేది కాదు. ఉయ్యాలకేసి చూస్తూ ఉండేది, అంతే. జాకెట్టు ముందంతా తడిసి ఉండేది. అవి గంపలోంచి కారిన ఐసునీళ్ళేనని సూర్యకళ మొగుడు జగ్గయ్య అనుకునేవాడు.

ఆమె అడుగుల చప్పుడు సందు మొదట్లో ఉండగానే ఉయ్యాలలో ఏడుపు ఆగిపోయేది. చూపు కూడా సరిగా నిలవని పసిగుడ్డు. అయినా తల గుమ్మంకేసి తిరిగేది.

పిల్లాడి పేరు తవుడు. ఆ పేరు వెనక ఒక బేరం ఉంది.

పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి పొరుగింటికి తవుడుకి అమ్మేయడం జాలరిపేటలో ఆనవాయితీ. చేటెడు తవుడు ఖరీదు కూడా చెయ్యనివాడి కోసం చావు అంత దూరం నడిచి రాదని నమ్మకం. కొన్నావిడ కాసేపాగి, "నా బిడ్డని నువ్వే పెంచు" అంటూ వాణ్ణి మళ్ళీ తల్లి ఒళ్ళో పెడుతుంది. అమ్మేదీ ఉత్తిదే, కొనేదీ ఉత్తిదే.

వీడికి ముందు ముగ్గురు పోయారు. వాళ్ళని పూడ్చిన ఇసుక పక్కనుంచి నడవాల్సి వస్తే సూర్యకళ ముఖం తిప్పుకునేది. నాలుగోవాడు పుట్టిన పదకొండో రోజున, తొంభై ఏడు శ్రావణంలో, ఆమె గుమ్మంలోనే బేరం జరిగింది. ఒకరు చేట చాపారు, ఒకరు బిడ్డని చాపారు. పేటంతా చూసి నవ్వింది.

బేరం ముగిసినా నూకాలు రావడం మానలేదు.

"ఒక్కపాలి ఎత్తుకోనియ్యే. ఏటైపోద్ది?" అన్నాడు జగ్గయ్య.

"ఎత్తుకుంటే మళ్ళీ దింపుతాదేటి?" అంది సూర్యకళ. గుమ్మంకేసి తిరిగి గొంతు పెంచింది. "బేరం తప్పితే పిల్లోడికి ఏటవుద్దో దానికి తెల్దా?"

ఆ మాటకి నూకాలు రెండడుగులు వెనక్కి వేసింది. జగ్గయ్య వల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

సూర్యకళకి పాలు పడలేదు. ప్యాకెట్టు పాలు కాచి సీసాలో పోస్తే వాడు ఉమ్మేసేవాడు. రోజురోజుకీ ఎండిపోయాడు. వీడూ పోతాడేమోనని ఆమె ప్రాణం విలవిల్లాడింది. చివరికి ఒక మధ్యాహ్నం నూకాలు దండెం మీది పాత చీర దొంగతనంగా ఎత్తుకొచ్చింది. ఉతికినా పోని చేపల వాసన. దాన్ని ఉయ్యాలలో పరిచి, కొంగు తన భుజాన కప్పుకుని సీసా పట్టింది. వాడు గుటగుటా తాగి నిద్రపోయాడు.

సూర్యకళ కూర్చుని ఏడ్చింది.

ఆ సాయంత్రం నూకాలు తన చీరని ఉయ్యాలలో చూసింది. మర్నాడు దండెం మీద ఇంకో చీర వేలాడింది, కట్టి విడిచింది, ఉతకనిది.

నెలలు గడిచాయి. సూర్యకళ ఆ చీరల్ని ఒక్కొక్కటే తీసేసి తనవి పరిచింది, ఉయ్యాలని గుమ్మానికి కనబడకుండా లోపలికి జరిపింది. వాడు ఒళ్ళు చేశాడు. ఆమె నవ్వితే నవ్వాడు, మరుగైతే ఏడ్చాడు. ఆమె వేలు పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం, ఎప్పుడూ లేనిది, సూర్యకళే వాణ్ణి చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇక భయం లేదనుకుంది.

నూకాలు గబగబా గంప దించి రెండు చేతులూ చాపింది. "రా నాయినా."

వాడు ఆమె వంక చూశాడు. పెదవి విరిచాడు. కెవ్వున ఏడ్చి సూర్యకళ మెడలో ముఖం దాచుకున్నాడు.

"కొత్త మొకం కదా, బెదిరినాడు" అంది సూర్యకళ. గొంతులో సంతోషం దాగలేదు.

నూకాలు చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖాళీ గుమ్మం చూస్తే సూర్యకళకి ఇంకా భయమేసింది.

మూడో రోజు వచ్చింది. నెత్తిన గంప లేదు. చేతుల్లో చేట, చేటలో పురుగు పట్టి ఉండలు కట్టిన తవుడు. దాన్ని గుమ్మంలో దించి, మొదటిసారి గడప దాటింది.

"నువ్విచ్చిన తవుడు పిడికెడు కూడా తగ్గలేదప్పా, సూస్కో, నా కొడుకుని నాకిచ్చీ."