శనివారం విమర్శ

"ఈ వారం నన్నేమని తిడతావే?" తెగిన దారాన్ని యంత్రం మీద ముడివేస్తూ అడిగింది ఓక్‌బున్.

"నేల సరిగ్గా ఊడవలేదంటాను. మరి నన్నో?"

"దీపం ఆర్పకుండా పోయావని."

"అది పోయిన నెల అన్నావక్కా! కార్యదర్శి రో గారు మన పాత నోట్‌బుక్కులు తిరగేస్తున్నారు. కొత్తది వెతుకు." హ్యాంగ్‌సిల్ నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి దిగింది.

శనివారం సాయంత్రం విభాగంలోని పద్దెనిమిది మందీ ఒక గదిలో చేరాలి. ప్రతి ఒక్కరూ లేచి తన తప్పు ఒకటి, తోటి కార్మికుల్లో ఒకరి తప్పు ఒకటి చెప్పాలి. ఆ మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఓక్‌బున్, హ్యాంగ్‌సిల్ తొమ్మిదేళ్ళుగా ఒకరి తప్పులు ఒకరు ముందే పంచుకుని చెప్పుకుంటున్నారు. అందరూ చేసేది అదే. అయితే ఒప్పందం వాసన తగిలితే చాలు, కార్యదర్శి రో ఇద్దరి పేర్లూ పైకి పంపేవాడు.

"నా వల్ల కాదు, నువ్వే ఏదైనా చెప్పు," అంది ఓక్‌బున్. "నిద్ర లేదు. మా అమ్మాయి ఉన్‌బ్యోల్‌కి ఈ వారమే నెలలు నిండుతాయి. అల్లుడు సైన్యంలో. అత్త లేదు. బాలింతకు మూడు వారాలు సముద్రపు నాచు చారు పోయకపోతే ఒళ్ళు కుదుటపడుతుందా? అంత దూరపు ఊళ్ళో ఎవరు కాచి పోస్తారు దానికి?"

"ప్రయాణానికి అనుమతి పత్రం?"

"మూడుసార్లు కాదన్నాడు రో. సోమవారం నాలుగోసారి అడుగుతాను. వంటింట్లోంచి పక్కింటికి కూడా పత్రం అడిగేట్టున్నాడు, మహానుభావుడు."

హ్యాంగ్‌సిల్ ఆమెను కాసేపు చూసింది. "నీ మొహం మీద అబద్ధం ఒక్క క్షణం నిలవదు కదక్కా. అదే నీతో వచ్చిన చిక్కు," అంది. హ్యాంగ్‌సిల్ దస్తూరి ముచ్చటగా ఉంటుంది కనుక వారానికి రెండు మధ్యాహ్నాలు కార్యాలయంలో జాబితాలు ఎత్తిరాసే పని ఇచ్చారు. రంగు తొట్ల ఆవిరి పీల్చి పాడైన ఊపిరికి ఆ రెండు పూటలే విశ్రాంతి. ఆనాడూ ఆమె కార్యాలయానికి వెళ్ళి, సమావేశం మొదలయ్యే వేళకు తిరిగి వచ్చింది.

గోడ మీది ఇద్దరు నాయకుల చిత్రపటాల కింద కూర్చున్న రో కళ్ళలోనూ అలసటే ఉంది. "రేపు నాట్లకు లారీ వెళ్తోంది. మన విభాగం నుంచి ఒకరు తక్కువ. నలభై రోజులు. ఎవరి తప్పు పెద్దదైతే వాళ్ళే వెళ్తారు," అన్నాడు.

తలలన్నీ కిందికి వాలాయి. లారీ ఎక్కడికి వెళ్తుందో దిగేదాకా ఎవరికీ చెప్పరు. ఏ లారీ ఏ ఊరికో రాసిన జాబితాలు కార్యాలయం దాటి రావు. రోకు కావలసింది ఒక మనిషి మాత్రమే. నలభై రోజులంటే తను సోమవారం అడగాలనుకున్న పత్రం, కూతురి కాన్పు, అన్నీ దాటిపోతాయని ఓక్‌బున్ లెక్కవేసుకుంది.

దీపాలు, చీపుళ్ళు, ఆలస్యాలు ఒక్కొక్కటిగా వచ్చి పోయాయి. హ్యాంగ్‌సిల్ లేచింది.

"కామ్రేడ్ ఓక్‌బున్ మనసు యంత్రం దగ్గర లేదు. దేశమంతా పొలాల బురదలో ఉంటే ఈమె కూతురి కాన్పు పేరు చెప్పి మూడుసార్లు సెలవు అడిగింది. మంగళవారం యంత్రం ఆపి ఏడుస్తూ కూర్చుంది. నేను కళ్ళారా చూశాను."

మంగళవారం ఓక్‌బున్ ఏడ్చింది హ్యాంగ్‌సిల్ భుజం మీదే.

"ఇది నిజమేనా?" అన్నాడు రో.

"నిజమే!" ఓక్‌బున్ లేచి నిలబడింది. "మరి ఈవిడ చేసేదీ వినండి. కార్యాలయం పని అని చెప్పి వెళ్తుందే, అందులో ఒక గంట సంతలో సోయా జున్ను అమ్ముతుంది. తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్నాను. ఇంక దాచను!"

రో ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ కోపంలో నటన ఎక్కడా దొరకలేదు. కలం తీశాడు.

"ఓక్‌బున్ రేపు లారీ ఎక్కాలి. హ్యాంగ్‌సిల్‌కు కార్యాలయం పని రద్దు. సోమవారం నుంచి వారమంతా రంగు తొట్ల దగ్గరే ఉండాలి."

హ్యాంగ్‌సిల్ తల వంచుకుని, ఎప్పటి ముచ్చటైన దస్తూరితోనే తన శిక్షను నోట్‌బుక్కులో రాసుకుంది.

తెల్లవారి లారీ దగ్గరికి ఆమె ఒక గుడ్డమూట పట్టుకుని వచ్చింది.

"ఇది ఉంచుకో అక్కా."

"అక్కా అని పిలవకు. నీ మొహం నాకు చూపించకు."

"సరే, చూపించను. మూట మాత్రం పారేయకు." ఆమె మూటను లారీలోకి విసిరి దగ్గుతూ వెనక్కు తగ్గింది. ఓక్‌బున్ అటు తిరగలేదు.

ఐదు గంటలు దుమ్ములో ఊగుతూ వెళ్ళారు. పక్కనున్న ముసలామె మూటను మోచేత్తో పొడిచింది. "విప్పవేమమ్మా? మొక్కజొన్న రొట్టె ఉంటే నాకూ ఒక ముక్క పెట్టు."

ఓక్‌బున్ ముడి విప్పింది. రొట్టె లేదు. నల్లగా, పెళుసుగా, రెండు చేతులకూ నిండేంత ఎండు నాచు.

"ఎవరు కన్నారేంటి?" అంది ముసలామె ఆశ్చర్యంగా.

ఓక్‌బున్ ముఖం మండిపోయింది. కన్నకూతురి పురిటికి పోలేనిదానికి నాచు కట్టి పంపిందా! నోటితో పొడిచింది చాలక ఈ వెక్కిరింత కూడానా! మూటను రోడ్డు మీదికి గిరాటు వేయడానికి చెయ్యెత్తింది.

లారీ ఆగింది. "దిగండి, దిగండి! పొలం వచ్చేసింది!" అని ముందు నుంచి ఎవరో అరిచారు.

చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండగా ఆమె తలతిప్పి చూసింది.

పొలం గేటు మీద ఉన్‌బ్యోల్ ఊరి పేరు రాసి ఉంది.