పేరు రాయని సమాధి

సమాధుల పండుగనాడు జగ్గయ్యపేట సమాధుల తోటలో సువార్తమ్మ కొడుకు సమాధికి సున్నం వేసింది. కోడలు కరుణ నల్లరంగు డబ్బా మూత తీసింది.

“ఈ ఏడన్నా ఆయన పేరు రాయనివ్వండి అత్తమ్మా. కరోనాలో పోయినోళ్లందరి సిలువల మీదా పేర్లున్నాయి.”

సువార్తమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“ఆరోజు ఆస్పత్రివాళ్లు మూటకట్టి ఇచ్చారు కదా, ముఖం కూడా చూపించకుండా. గోతిలోకి దింపేముందు నేను కాళ్ల దగ్గర కొంచెం విప్పి చూశా.”

కరుణ కుంచె పట్టుకునే అత్త వైపు తిరిగింది.

“మనవాడికి ఎడంకాలికి ఆరు వేళ్లు. ఆ కాలికి అయిదే ఉన్నాయమ్మా.”

కుంచె జారి, తడి సున్నం మీద నల్లటి మరక పడింది.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?”

“నోరు తెరిస్తే ఆ బిడ్డని మళ్లీ ఎత్తుకుపోయేవాళ్లు. దిక్కులేని శవమయ్యేవాడు. మనవాణ్ణి అప్పటికే ఎవరో తీసుకెళ్లిపోయుంటారు.”

సువార్తమ్మ కొవ్వొత్తి వెలిగించి మోకరించింది. కరుణ డబ్బాకు మూతపెట్టి, అత్త పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

“ప్రభువా, నందిగామలోనో వీరులపాడులోనో నా బిడ్డ సమాధికి సున్నం వేస్తున్న ఆ తల్లిని ఓదార్చు. వాడు తన కొడుకు కాదని ఆమెకు ఎన్నటికీ తెలియనివ్వకు.”