పదకొండో నంబరు కిటికీ

ముసలావిడ ప్రామ్ బండి మీదికి వంగింది. పాపని తేరిపార చూసింది. ఏదో గొణిగింది. ఉమ్మింది.



ఉజ్వల బండిని ఒక్క గుంజు గుంజి ఇంట్లోకి తోసుకుపోయింది. తలుపు తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో మళ్ళీ లాగి చూసింది.

పాప బుగ్గలు తడిమింది. తడి లేదు. అయినా సబ్బుతో రెండుసార్లు కడిగింది. ఆరు నెలల పిల్ల కెవ్వుమంది.

భర్త నిశాంత్ మందుల కంపెనీ ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఆమె ఇంకా కోటు కూడా విప్పలేదు.

"ఎదురింటావిడ, పదకొండో నంబరు. మన పిల్లని చూసి ఉమ్మిందండీ!"

"దగ్గొచ్చిందేమో."

"దగ్గుకీ ఉమ్ముకీ తేడా తెలీదా నాకు? మన రంగు చూసే! మనవాళ్ళని కొట్టారని వాట్సాప్ గ్రూపులో రోజూ చూడట్లేదా? ఇవాళ ఉమ్మింది. రేపు రాయి వేస్తుంది. ఎల్లుండి..."

"ఆవిడకి ఎనభై దాటాయి ఉజ్జీ. రాయి ఎత్తగలదా?"

"మీకన్నీ జోకులే."

"పోనీ వెళ్ళి అడగొచ్చుగా, ఎందుకలా చేశారని."

అక్కడే వచ్చింది చిక్కు. ఉజ్వల చదువు ఇంటర్‌తో ఆగింది. ఐర్లండ్‌లో ఈ అత్లోన్ ఊరివాళ్ళ ఇంగ్లీషేమో వాళ్ళ నోట్లోనే నలిగిపోతుంది, చెవిదాకా రాదు.

నిశాంత్ షూ విప్పుతూ నవ్వాడు. "మా ల్యాబ్‌లో విక్టర్ అంటుంటాడు. మనుషులు గుహల్లో ఉన్నప్పుడు, కొత్త మొహం కనిపిస్తే పిల్లల్ని లోపలికి లాక్కున్నవాళ్ళే మిగిలారట. మనమంతా ఆ భయపడ్డవాళ్ళ సంతానమేనట."

"చూశారా! ఆయనకున్న తెలివి మీకు లేదు."

"పూర్తిగా విను, ఇంకో సగం ఉంది..."

ఆమె అప్పటికే తణుకులో ఉన్న తల్లికి వీడియో కాల్ కలిపింది.

"ముందు దిష్టి తియ్యవే," అంది సావిత్రి. "ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి."

"మిరపకాయలు కాలిస్తే ఇక్కడ పొగ అలారం మోగుతుందమ్మా. వీధంతా వస్తారు."

"అయితే ఒట్టి ఉప్పే తిప్పు. మూడుసార్లు థూ అనడం మాత్రం మర్చిపోకు."

మర్చిపోలేదు.

మర్నాడు, నిశాంత్ వద్దంటున్నా, ఉజ్వల పోలీసులకి ఫోన్ చేయించింది.

నిశాంత్ ల్యాబ్‌కి వెళ్ళాక ఒక గార్డు వచ్చింది, అంటే ఇక్కడి పోలీసు. చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. అంతా రాసుకుని ఎదురింటి తలుపు కొట్టింది. గుమ్మంలో ముసలావిడ వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఉజ్వలకి ఇటునుంచి కనిపించింది.

గార్డు తిరిగొచ్చి చాలాసేపు ఏదో వివరంగా చెప్పింది. ఆవిడ ఇక పాప దగ్గరికి రాదన్నది ఉజ్వలకి అర్థమైంది. మిగతాది కాలేదు. అర్థమైనట్టే తల ఊపింది.

"గ్రాండ్," అని, ఇక అంతా సరే అన్నట్టు, గార్డు వెళ్ళిపోయింది.

ఆ తరవాత పాప బయట ఉండగా ముసలావిడ గడప దాటలేదు.

కానీ రోజూ పదింటికి ఉజ్వల బండి తోసుకుని వెళ్తుంటే పదకొండో నంబరు కిటికీ పరదా పక్కకి జరిగేది. అద్దానికి మొహం ఆనేది. పెదాలు కదిలేవి.

"ఇంట్లోంచి కూడా తిడుతోందండీ!"

"తిట్టుకోనీ. అద్దం అడ్డం ఉందిగా."

ఫిబ్రవరిలో ఒక సోమవారం పరదా కదల్లేదు.

మంగళవారమూ కదల్లేదు. బుధవారమూ.

పీడ వదిలిందనుకుంది ఉజ్వల. చెత్త లారీ వచ్చిపోయాక వీధిలో చెత్త బిన్‌లన్నీ లోపలికి వెళ్ళినా పదకొండో నంబరు బిన్ గేటు బయటే ఉండిపోవడం చూసింది కూడా. చూసి, తల నిటారుగా పెట్టుకుని నడిచింది.

గురువారం అంబులెన్స్ వచ్చింది. సైరన్ లేదు.

"మెట్ల మీంచి పడిపోయిందట," అన్నాడు నిశాంత్. "మూడు రోజులైందట. ఎవరూ గమనించలేదట."

ఉజ్వల బిన్ సంగతి చెప్పలేదు.

ఆదివారం ఆవిడ మేనకోడలు ఇల్లు సర్దడానికి వచ్చింది.

"ఒక్క మాట పలకరించి వద్దాం, పద."

"చావింటికి పిల్లతోనా?"

"లోపలికి వద్దులే. గేటు దగ్గరే." రోడ్డు దాటుతూ నిశాంత్ అన్నాడు, "విక్టర్ మాట ఆ రోజు సగమే విన్నావు. భయం ఒక్కటే ఉంటే సరిపోయేది కాదట. మనిషి పిల్లని తల్లి ఒక్కతే పెంచలేదట. తమది కాని పిల్లని కూడా కనిపెట్టుకునుండే ముసలివాళ్ళు ఉన్న గుంపులే నిలిచాయట."

ఉజ్వల పాపని ఇంకా గట్టిగా హత్తుకుంది.

మేనకోడలు బకెట్ పక్కన పెట్టి బయటికొచ్చింది. పాపని చూడగానే ఆమె కళ్ళు చెమర్చాయి. గబగబా చాలా చెప్పింది.

నిశాంత్ మొహం పాలిపోయింది.

"ఏమంటోందండీ? మనల్ని తిడుతోందా?"

"వాళ్ళ ఊళ్ళో..." ఆగాడు. "వాళ్ళ ఊళ్ళో ముద్దొచ్చే పిల్ల కనిపిస్తే దేవుడు చల్లగా చూడాలి అని ఉమ్ముతారట. చెడుకన్ను తగలకుండా."

"అంటే?"

"దిష్టి, ఉజ్జీ. ఆవిడ దిష్టి తీసింది."

ఉజ్వల పదకొండో నంబరు కిటికీ వైపు చూసింది.

"గార్డు వచ్చిపోయాక ఈమెకి చేసిన ప్రతి ఫోన్‌లోనూ ఆవిడకి ఇదే దిగులట. నన్ను రావద్దన్నారు, మరి ఆ పిల్లని ఎవరు కాస్తారు, అని."

మేనకోడలు లోపలికి వెళ్ళి, పరదా తీసి, తడిగుడ్డ ఎత్తింది.

ఎండ పడిన ఆ అద్దానికి లోపలివైపు, వంగిపోయిన ముసలావిడ నోరు అందే ఎత్తులో, ఎండిన తుంపర్ల మరకలు పొర మీద పొరగా ఉన్నాయి.