చవక సాహసం

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన పడలేదు గానీ గాలి కిటికీ రెక్కల్ని ఊరుకోనివ్వడం లేదు. గాలి రోజున ఎత్తు మేడల అద్దాలు తుడిచేవాళ్లకు పని ఉండదు. తాడుకు వేలాడే మనిషిని గాలి తీసుకెళ్లి గోడకేసి కొడుతుంది. అందుకని బావా బావమరిదీ ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఉండి, పోట్లాడుకుంటున్నారు.

పోట్లాట ప్రయాణం గురించి. అక్క ఇంట్లోనే ఉంటున్న బావమరిది సముద్రం అవతలి ఒక వేడి దేశాన్ని పట్టుకుని వారంగా వదలడం లేదు. అక్కడ చీకటి లాంటి అడవులున్నాయట. కొండకొమ్ము మీంచి తాడు పట్టుకుని జలపాతం పక్కనే లోయలోకి దిగొచ్చట.

"ఇక్కడ వేలాడితే కూలి ఇస్తారు. అక్కడ వేలాడ్డానికి మనమే ఎదురిచ్చుకోవాలా?" అన్నాడు బావ.

అక్క కూర తరుగుతూ నవ్వింది. వారమంతా బట్టల కొట్లో నిలబడే మనిషికి అది ఒక్కటే సెలవు రోజు. ఆమెకు వెళ్లాలనే ఉంది.

విమానం ఎక్కే తాహతు మనకెక్కడిదని బావ అడిగాడు. ఓడలో కింది తరగతి ఉందన్నాడు బావమరిది. పడకకో మరి? అడవి అంచున గుడారాలు అద్దెకిస్తారు. తిండికో? బియ్యం మనమే మోసుకుపోతాం. వానల్లో వెళితే అన్నీ సగం ధరకే వస్తాయి.

"వానల్లో జలగలుంటాయిరా."

"ఉండనీ బావా. వాటికి మనం అద్దె కట్టక్కర్లేదుగా."

మేస్త్రీ సెలవివ్వడని బావ ఇంకో అడ్డం వేశాడు. ఈ గాలులు తగ్గేదాకా ఎటూ పని ఉండదు కదా అన్నాడు బావమరిది. మోకాళ్ల నొప్పులంటే, దిగేటప్పుడు మోకాళ్లతో పనేముందన్నాడు. బావ గోడకు జారగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఏ సాకు చెప్పినా వాడు దానికంటే చవకైన దారి చూపిస్తున్నాడు.

"పెళ్లయ్యాక ఒక్క ఊరికి తీసుకెళ్లింది లేదు," అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. "మా ఆయన మబ్బుల్లో వేలాడతాడని కొట్లో అందరికీ చెప్పుకుంటాను. నువ్వు పైనుంచి దిగుతుంటే ఒక్కసారి నా కళ్లతో చూడాలని ఉంది. అదీ తప్పేనా?"

బావ కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"ఎండాకాలం నుంచీ నేను తాడెక్కడం లేదు."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

"సగం దిగాక కాళ్లు వణికాయి. తాడు బాగానే ఉంది, ముడీ బాగానే ఉంది. నేనే బాగాలేను. నన్ను లాగి కిందకి దింపారు. అప్పట్నుంచీ బకెట్లు నింపుతున్నాను. దారినపోయేవాళ్లను పక్కకు తోలుతున్నాను. ఈ గాలులు తగ్గాకైనా ఎక్కకపోతే వేరే పని చూసుకోమన్నాడు మేస్త్రీ."

ఆ పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పైన ఎవరైనా వణికితే ఆ సంగతి ఆ జట్టు దాటి బయటికి పోకూడదు. ఇంటికైతే అసలే పోకూడదు. బావది ఒక జట్టు, బావమరిదిది వేరే జట్టు. అందుకే ఇన్నాళ్లూ పొక్కలేదు.

బావ కళ్లు తెరిచి బావమరిది వంక చూశాడు. వేళాకోళం చేస్తాడనుకున్నాడు. వాడు తల దించుకుని గోరు గిల్లుకుంటున్నాడు.

అక్క లేచి పొయ్యి వెలిగించింది. కూర ఉడికాక ముగ్గురికీ కంచాలు పెట్టింది. మొగుడి కంచంలో అన్నం ఎప్పటికంటే ఓ ముద్ద ఎక్కువే వేసింది.

అన్నం సగమయ్యాక బావమరిది కంచంలోంచి చూపు ఎత్తకుండా మెల్లగా అన్నాడు.

"అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు బావా. వణికినా పరవాలేదని ఆ దేశం వెతికాను. మా జట్టులో నన్ను నీకంటే ముందే తాడు మీంచి దింపేశారు."