నాడి చూసే బల్ల

భీమిలి తీరంలో నీళ్లమీద తేలే కేసినో రిసార్టు అది. గదులూ బల్లలూ అతిథుల ఒంటితీరు కనిపెట్టి, మాట్లాడి మరీ మర్యాదలు చేస్తాయక్కడ. గది తలుపు తీయగానే సత్యవేణికి నచ్చే చల్లదనం, ఆమె మెడకు సరిపోయే దిండు సిద్ధంగా ఉన్నాయి. పుట్టింట్లో కూడా ఇంత మర్యాద జరగలేదని మురిసిపోయింది.

భర్త వీరభద్రం సరాసరి పేకాటకే పోయాడు. ‘ఈ ఒక్క ఆటే’ అంటూ కాపురమంతా ఆమె వంటలు చల్లార్చిన మనిషి. భోజనానికి పిలవబోతే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది!

“ముక్కలు పట్టుకున్న చేతిలో నాడి పరుగెత్తిందండి. ఆట ఆపించి సముద్రస్నానానికి పంపాను” అంది పేకాట బల్ల వినయంగా. “మీరో ఆట వేస్తారా అమ్మా?”

సరదాగా కూర్చుంది సత్యవేణి. జోకరు వచ్చినా, చేతిదాకా వచ్చిన ఆట పోయినా ఆమె నాడి తొణకలేదు.

కాసేపటికి తడితలతో వీరభద్రం వచ్చాడు.

“వేణీ, రొయ్యల వేపుడు చల్లారిపోతోందే. లే!”

“ఈ ఒక్క ఆటేనండీ, వచ్చేస్తున్నా” అంది తలెత్తకుండానే.

ఆయన బల్లమీద చెయ్యేసి గద్దించాడు. “నన్ను లేపావుగా, ఈవిణ్ణి లేపవేం?”

“అమ్మగారి నాడి నిలకడగా ఉందండి. మీదే మళ్లీ పరుగెడుతోంది.”